పుట్టుకతో వచ్చిన బుద్ధేనా?

(బోధన్ చెరుకు సీమను గీటురాయిగా పెట్టి సాంఘిక శాస్త్రాలపై ఒక విమర్శ)

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని మన భాషలో ఒక సామెత ఉన్నది. సామెత చిన్నదే కాని, దాని వెనుక ఒక పెద్ద సిద్ధాంతం దాగి ఉన్నది. మనిషి ప్రవర్తన అతని రక్తంలోనే ఉంటుందనీ, చదువు గాని, చట్టం గాని, పరిసరాలు గాని దానిని మార్చలేవనీ ఆ సిద్ధాంతం. నిత్యజీవితంలో దీనిని ఎంత ధారాళంగా వాడుతామో మనం గమనించం. ఫలానా కులంవారు లెక్కలలో గట్టివారు, ఫలానావారు మొండివారు, ఫలానా ప్రాంతంవారు కష్టజీవులు, ఫలానావారు సోమరులు అనే మాటలు ఇంట్లో వింటాం, బజారులో వింటాం. అదే మాట తరగతిగదిలో వినిపించినప్పుడు మాత్రం అది వట్టి మాటగా మిగలదు. వెనుక బెంచీమీద కూర్చున్న పిల్లవాని భవిష్యత్తుపై ముందుగానే వ్రాసిపెట్టిన తీర్పు అవుతుంది.

ఈ తీర్పు సరైనదా కాదా అని పరీక్షించడం సాంఘిక శాస్త్రాల పని. భౌతిక శాస్త్రజ్ఞునికి ప్రయోగశాల ఉన్నది. సమాజ శాస్త్రజ్ఞుడు మనుషులను సీసాలలో పెట్టి పరీక్షించలేడు. చరిత్ర అప్పుడప్పుడు తానే ఒక ప్రయోగం చేసి పెడుతుంది. దానిని జాగ్రత్తగా చదువుకోవడమే అతడు చేయగలిగినది. అటువంటి ప్రయోగం నిజామాబాదు జిల్లాలోని బోధన్ ప్రాంతంలో జరిగింది. సుమారు ఎనభై ఏళ్ళలో ఆ సీమకు కాలువ నీరు వచ్చింది, చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది, దూరప్రాంతాల నుండి రైతులు వచ్చి స్థిరపడినారు, చివరకు ఫ్యాక్టరీ మూతపడింది. పరిస్థితులు ఇన్నిసార్లు మారినప్పుడు మనుషుల ప్రవర్తన ఏమైనది? ఈ ప్రశ్నను చేత పట్టుకొని, ప్రవర్తనను గూర్చి జీవశాస్త్రం పేరుతోనూ, సాంఘిక శాస్త్రాల పేరుతోనూ చెప్పే సమాధానాలను, తెలుగు గ్రామాలను గూర్చి వ్రాసిన రెండు ప్రసిద్ధ గ్రంథాలను ఈ వ్యాసంలో విమర్శిద్దాం.

పరిణామవాదం చెప్పినది, చెప్పనిది

1859లో చార్లెస్ డార్విన్ జాతుల ఉత్పత్తిని గూర్చిన తన గ్రంథాన్ని ప్రకటించాడు. ఒకే జాతి ప్రాణులలో చిన్న చిన్న తేడాలుంటవి. పరిసరాలకు అనువైన తేడాలు గల ప్రాణులు ఎక్కువ సంతానాన్ని విడిచిపోతవి. ఆ తేడాలు సంతానానికి సంక్రమించేవైతే, తరతరాలుగా అవి జాతిలో వ్యాపిస్తవి. దీనినే ప్రకృతి వరణం అంటాం. ఇందులో ఏ జాతి ఉత్తమమనీ, ఏది అధమమనీ తీర్పు లేదు. ఒక చోట అనువైన లక్షణం మరొక చోట పనికిరాకపోవచ్చు.

ఐతే 1864లో హెర్బర్టు స్పెన్సర్ అనే తత్త్వవేత్త 'యోగ్యతమ సార్థక జీవనం' అనే అర్థం వచ్చే పదబంధాన్ని వాడుకలోకి తెచ్చాడు. ఆ పదబంధాన్ని పట్టుకొని పలువురు దానిని మానవ సమాజానికి అంటగట్టినారు. ధనవంతుడు గెలిచాడు కనుక యోగ్యుడు, పేదవాడు ఓడినాడు కనుక అయోగ్యుడు అనడం మొదలైనది. ఈ తర్కంలోని లోపం విద్యార్థులు కూడా పట్టుకోగలరు. ఎందుకు గెలిచాడు అని అడిగితే యోగ్యుడు గనుక అంటారు. యోగ్యుడని ఎట్లా తెలిసింది అంటే గెలిచాడు గనుక అంటారు. గానుగెద్దు తిరిగినట్లు తిరిగి బయలుదేరిన చోటికే వచ్చే మాట వివరణ కాదు.

1877లో అమెరికాకు చెందిన లూయీ హెన్రీ మోర్గన్ మానవ సమాజాలన్నీ వన్యస్థితి, అనాగరిక స్థితి, నాగరికత అనే మెట్ల మీదుగా పైకెక్కుతవని వ్రాశాడు. మెట్ల వరుసలో తన సమాజాన్నే పైమెట్టుమీద నిలబెట్టుకోవడం ఈ పద్ధతిలోని బలహీనత. మన దేశంలో 1901 జనాభా లెక్కల కమీషనరు హెర్బర్టు రిస్లీ ముక్కుల కొలతలకూ కులాల అంతస్తుకూ సంబంధం ఉన్నదని వాదించాడు. ఇవన్నీ గ్రంథాలలోనే ఉండిపోయి ఉంటే నష్టం తక్కువగా ఉండేది. కాని చట్టాలు కూడా ఇదే ఊహమీద లేచినవి. 1871లో ఉత్తర భారతంలో వచ్చిన నేరస్థ తెగల చట్టం కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసింది. 1911లో అది మద్రాసు రాజధానికి కూడా విస్తరించింది. ఎరుకల కుటుంబాలను ఉంచిన స్టువర్టుపురం సెటిల్మెంటు ఆ చట్టపు నీడలోనే పెరిగింది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1952లో ఆ చట్టం రద్దయినది. తొట్టిలోని శిశువును నేరస్థుడని పోలీసు పుస్తకంలో వ్రాసుకోవడానికి శాస్త్రం పేరు అడ్డుపెట్టుకొన్న రోజులవి. ప్రవర్తనకు మనం ఇచ్చే వివరణ ఎవరి జీవితాన్ని ఎట్లా తాకుతుందో దీనివలన తెలుస్తుంది.

అట్లని జీవశాస్త్రానికి మానవ ప్రవర్తనతో సంబంధం లేదనడం కూడా పొరపాటే. బోధన్ బజారులో తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ వినిపిస్తవి. మహారాష్ట్ర సరిహద్దు దగ్గరే గదా. అక్కడ పుట్టిన పసిబిడ్డ ఏ ఇంట పెరిగితే ఆ భాష మాట్లాడుతుంది. మూడూ చుట్టూ వినబడితే మూడూ పట్టుకొంటుంది. భాష నేర్వగల శక్తి పరిణామం లక్షల ఏళ్ళలో మానవజాతికంతటికీ ఇచ్చినది. నేర్చిన భాష సమాజం ఇచ్చినది. అట్లాగే కలిసి పనిచేయడం, అనుకరించడం, మాట తప్పినవానిని మందలించడం మొదలైన శక్తులు మానవులందరికీ సామాన్యం. అందరికీ సామాన్యమైన శక్తి ఇద్దరి మధ్య ఉన్న తేడాకు కారణం కాజాలదు. తేడాకు కారణం వేరే చోట వెదకవలె.

చెరుకు నేర్పిన కాలనియమం

ఇప్పుడు బోధన్ వైపు చూద్దాం. మంజీరా నదిమీద అచ్చంపేట వద్ద నిజాంసాగర్ ఆనకట్టను 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేశారు. ప్రఖ్యాత ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగు ఆధ్వర్యంలో ఆ నిర్మాణం జరిగింది. 2,75,000 ఎకరాలకు నీరివ్వాలని లక్ష్యం. ఆ జలాశయం 2016లో జరిగిన జిల్లాల విభజన తరువాత కామారెడ్డి జిల్లాలోకి పోయింది; బోధన్, వర్ని, రుద్రూరు, కోటగిరి నిజామాబాదు జిల్లాలోనే ఉన్నవి. కాలువ వచ్చినంత మాత్రాన ఆయకట్టంతా వెంటనే సాగులోకి రాలేదు. నీటిని వాడుకొనే పంట కావలె, పంటను కొనే చోటు కావలె. 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ స్థాపితమైనది. ఆసియాలోకెల్ల పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని ఒకప్పుడు దానికి పేరు. ఆ ఫ్యాక్టరీకి సొంత చెరుకు క్షేత్రాలు కూడా ఉండేవి.

చెరుకు పైరు రైతు ప్రవర్తనను ఎట్లా మార్చిందో గమనించండి. నిలబడి ఉన్న చెరుకు గడలో సుక్రోజు అనే చక్కెర నిండి ఉంటుంది. గడను నరికిన క్షణం నుండి దానిలోని ఒక ఎంజైము సుక్రోజును గ్లూకోజు, ఫ్రక్టోజు అనే రెండు సాధారణ చక్కెరలుగా విడగొట్టడం మొదలుపెడుతుంది. ఫ్యాక్టరీలో ఇవి సుక్రోజు వలె స్ఫటికాలు కాక మడ్డిలోకి పోతవి. ఎండలో ఆలస్యమైనకొద్దీ గడ బరువు కూడా తగ్గుతుంది. కాబట్టి నరికిన చెరుకు వీలైనంత త్వరగా మిల్లు చేరవలె. ఎప్పుడు నరకాలన్నది రైతు ఇష్టం కాదు, ఫ్యాక్టరీ ఇచ్చే వరుస ప్రకారం జరగవలె. నరికే ముఠా, బండ్లు, ఆ తరువాత లారీలు, ట్రాక్టర్లు అన్నీ ఆ నాటికి సిద్ధంగా ఉండవలె.

ఈ పనిలో ఆరితేరిన రైతును చూచి, ఈ సీమవారికి పుట్టుకతోనే కాలనియమం ఉన్నదనవచ్చునా? అతని తాత చెరువు కింద వరి వేసుకొన్నవాడు. చెరువు నిండిన నాడు నాటు, నిండని నాడు ఆరుతడి. ఆ తాతకు వానను కనిపెట్టుకొని ఉండే ఓపిక అవసరమైనది. మనుమనికి మిల్లు వరుసను కనిపెట్టుకొని ఉండే తొందర అవసరమైనది. ఓపికా, తొందరా రెండూ ఒకే రక్తంలోనివే.

కథ అక్కడ ఆగలేదు. 2002లో ఫ్యాక్టరీలో అధిక భాగం వాటా ప్రైవేటు యాజమాన్యానికి పోయింది. 2015 డిసెంబరులో బోధన్ ఫ్యాక్టరీ మూతపడింది. చెరుకు పండించినవారు దూరపు మిల్లులను ఆశ్రయించవలసి వచ్చింది. దూరం పెరిగితే రవాణా ఖర్చు పెరుగుతుంది, ఇంతకుముందు చెప్పిన చక్కెర నష్టమూ పెరుగుతుంది. బోధన్ రైతులలో చాలామంది వరివైపు తిరిగినారు. మూడు తరాలుగా చెరుకు రైతు అనిపించుకొన్న మనిషి కొద్ది ఏళ్ళలో వరి రైతు అయినాడు. 1931 నుండి 2015 వరకు గడచినది మూడు నాలుగు తరాల కాలం. ఇంత కొద్ది కాలంలో రెండుమూడుసార్లు ప్రవర్తన తిరగబడడం ప్రకృతి వరణం వలన జరిగే పని కాదు. మారినవి నీరు, ధర, దూరం. వాటి వెంట మనిషి మారినాడు.

వలస రైతు, స్థానిక రైతు

బోధన్ నుండి వర్ని, కోటగిరి వైపు పోయే దారులలో 'క్యాంపు' అనే మాట తగిలించుకొన్న ఊళ్ళు కనిపిస్తవి. నిజాంసాగర్ నీరు వచ్చిన తరువాత కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుండి వచ్చిన రైతులు కట్టుకొన్న ఊళ్ళవి. వారి సాగు విస్తరించింది, ఇళ్ళు లేచినవి. దీనిని చూచి కొందరు, వచ్చినవారు పుట్టుకతో కష్టజీవులనీ, ఉన్నవారు పుట్టుకతో సోమరులనీ తేల్చివేసినారు. స్పెన్సర్ పేరు ఎరుగనివారు కూడా స్పెన్సర్ తర్కమే వల్లించినారు.

సాంఘిక శాస్త్రం ఇక్కడ మూడు ప్రశ్నలు వేస్తుంది. మొదటి ప్రశ్న: నేర్పు ఎక్కడిది? ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనూ, బెజవాడ ఆనకట్ట 1855లోనూ పూర్తి అయినవి. అంటే నిజాంసాగర్ నాటికి డెల్టా రైతుకు సుమారు 80 ఏళ్ళ కాలువ సాగు అనుభవం ఉన్నది. చదును చేయడం, కాలువ నుండి బోదె తీయడం, మురుగు పోగొట్టడం తాతలనాటి నుండి అతనికి తెలుసు. మంజీరా ఒడ్డు రైతుకు తెలిసినది చెరువు, బావి, మెట్ట.

రెండవ ప్రశ్న: పెట్టుబడి ఎక్కడిది? డెల్టాలో భూమి ధర హెచ్చు. అక్కడ ఒక ఎకరం అమ్మిన సొమ్ముతో ఇక్కడ అనేక ఎకరాలు కొనగలిగేవారు. ఇక్కడి చిన్న రైతుకు అప్పు, కౌలు, దొరల ఒత్తిడి ఉండేవి. హైదరాబాదు రాష్ట్రంలో జాగీర్లు రద్దయినది 1949లో. కౌలుదారీ చట్టం వచ్చినది 1950లో. తన చేతిలో ఉంటుందో ఉండదో తెలియని భూమిని చదును చేయడానికి ఎవరు అప్పు చేస్తారు?

మూడవ ప్రశ్న: పోలిక సరైనదేనా? డెల్టా నుండి అందరూ రాలేదు. అమ్ముకోవడానికి భూమి ఉండి, తెగువ ఉన్నవారు వచ్చినారు. వారిని ఇక్కడి రైతులందరితో పోల్చడం, ఒక బడిలో ఏరి తెచ్చిన ఆటగాళ్ళను మరొక బడిలోని పిల్లలందరితో పోటీ పెట్టినట్లే.

నాలుగవదిగా ఒక సాక్ష్యం కూడా ఉన్నది. అదే జిల్లాలో ఆర్మూరు పక్కన అంకాపూర్ అనే గ్రామం ఉన్నది. అక్కడి రైతులు స్థానికులు. ప్రధానంగా బావులను నమ్ముకొని ఎర్రజొన్న, సజ్జ విత్తనాలు, పసుపు, మొక్కజొన్న పండించి, చుట్టుపక్కలనే గాక రాష్ట్రమంతటా పేరు తెచ్చుకొన్నారు. బావిలో నీరు, విత్తనానికి గిరాకి, అమ్ముకొనే చోటు దొరికినప్పుడు స్థానిక రైతు ఏమి చేయగలడో అంకాపూర్ చూపింది. పుట్టుక సిద్ధాంతం ఈ ఒక్క గ్రామం ముందు నిలువలేదు.

ఇందువలన వలస వచ్చినవారి శ్రమను తక్కువ చేస్తున్నామని ఎవరూ అనుకోనక్కరలేదు. వారు శ్రమించిన మాట నిజం. ఆ శ్రమ ఫలించడానికి వీలు కల్పించిన పరిస్థితులను కూడా లెక్కలోకి తీసుకొంటున్నాం, అంతే.

దూబే గ్రంథం: బలం, కొరత

తెలుగు గ్రామాన్ని శాస్త్రీయంగా పరిశీలించిన తొలి గ్రంథాలలో ఎస్.సి. దూబే వ్రాసిన 'ఇండియన్ విలేజ్' ముఖ్యమైనది. అది 1955లో లండనులో వెలువడింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం తరఫున వివిధ శాఖలవారితో కలిసి హైదరాబాదు సమీపంలోని శామీర్‌పేట గ్రామంలో చేసిన పరిశోధన దానికి ఆధారం. కులం ఒక్కటే గ్రామాన్ని నడుపుతుందని పైపైన చూచినవారు అనుకొనే రోజులలో, దూబే ఒక మనిషికి ఊరిలో ఉండే అంతస్తు ఆరు అంశాలమీద ఆధారపడుతుందని చెప్పాడు. మతమూ కులమూ, భూస్వామ్యం, సంపద, ప్రభుత్వోద్యోగం లేక గ్రామ వ్యవస్థలో పదవి, వయస్సు, వ్యక్తిత్వ విశేషాలు అనేవి ఆ ఆరు. పుట్టుకతో వచ్చే కులం ఆరింటిలో ఒక భాగమే అయినది. ఒక్క కారణంతో అన్నీ చెప్పవచ్చుననే భ్రమను ఈ గ్రంథం పోగొట్టింది. అది దాని బలం.

కొరత కూడా చెప్పుకోవలె. ఆరు అంశాలు పేర్కొన్నంత మాత్రాన ఏది ఎప్పుడు బరువు తూగుతుందో తేలదు. వంటలో ఉప్పు, కారం, పులుపు ఉన్నవని చెబితే వంట చేయడం రాదు గదా. ఒక గ్రామాన్ని ఒక కాలంలో చూచినవారికి అంశాలు కనిపిస్తవి గాని, వాటి ఎత్తుపల్లాలు కనిపించవు. శామీర్‌పేట చెరువు కింది గ్రామం. కాలువ, ఫ్యాక్టరీ, వలస అనే మూడు ఒత్తిడులు ఒకదాని వెంట ఒకటి వచ్చిన బోధన్ వంటి చోట భూమి బరువు ఎంత పెరిగింది, వయస్సు బరువు ఎంత తగ్గింది అనే ప్రశ్నలకు ఆ జాబితా దారి చూపుతుంది గాని జవాబు చెప్పదు.

మరొక కొరత: కుటుంబ సంబంధాలను గూర్చి దూబే వేరే అధ్యాయం వ్రాసినా, ఆరు అంశాల జాబితాలో స్త్రీ పురుష భేదం లేదు. నిజామాబాదు పట్టణపు సందులలో నడిచినవారికి ఈ కొరత ఎంతటిదో తెలుస్తుంది. ఒడిలో చాట పెట్టుకొని స్త్రీలు బీడీలు చుడుతూ కనిపిస్తారు. స్త్రీలే ఎందుకు చుడుతున్నారని అడిగితే, ఆడవారి వేళ్ళు సన్నవి గనుక అని చాలామంది జవాబు చెబుతారు. ఇది కూడా పుట్టుక సిద్ధాంతమే. కేరళలోని కన్ననూరు ప్రాంతంలో బీడీ పని చిరకాలం పురుషుల పని. 1969లో అక్కడ ఏర్పడిన దినేశ్ బీడీ సహకార సంఘంలో తొలినాళ్ళలో అధిక సంఖ్యాకులు పురుషులే. వారి వేళ్ళు లావైనందువల్ల బీడీలు ఆగిపోలేదు. అక్కడ కార్మికులు ఒకచోట కూర్చుండి పనిచేసే వర్క్‌షాపులుండేవి. ఇక్కడ ఆకు, తంబాకు ఇంటికి ఇచ్చి, చుట్టిన బీడీలు కార్ఖానాలో తీసుకొనే పద్ధతి పాదుకొన్నది. చేమగ్గం దెబ్బతిని, పురుషులు వేరే పనులకు, దూరదేశాలకు పోయిన ఇళ్ళలో, పిల్లలనూ పొయ్యినీ విడువలేని స్త్రీకి ఇంట కూర్చుండి చేసే పని ఒక్కటే మిగిలింది. కనుక కారణం కోసం ఆమె వేళ్ళను కాదు, ఆమె ముందు మిగిలిన దారులను లెక్కపెట్టవలె.

వేడ్ గ్రంథం: ప్రశ్న మార్చిన పరిశోధన

రెండవ గ్రంథం రాబర్టు వేడ్ వ్రాసిన 'విలేజ్ రిపబ్లిక్స్'. 1988లో వెలువడిన ఈ గ్రంథానికి ఆధారం కర్నూలు జిల్లాలోని కాలువ కింది గ్రామాలు. ఆయన గ్రామం ఎట్లా ఉన్నది అని అడిగి ఊరుకోలేదు. ఒకే సీమలో కొన్ని గ్రామాలవారు కలిసి పనిచేస్తుంటే, పక్క గ్రామాలవారు ఎందుకు చేయరు అని అడిగాడు. ప్రశ్నలోని ఈ మార్పులోనే ఆయన గొప్పతనం ఉన్నది.

ఆనాడు పండిత లోకంలో ఈ విషయమై నిరాశ ప్రబలి ఉన్నది. 1965లో మాన్సర్ ఓల్సన్ అనే ఆర్థికశాస్త్రజ్ఞుడు, బలవంతమో ప్రత్యేక లాభమో లేనిదే పెద్ద సమూహాలవారు ఉమ్మడి ప్రయోజనానికి పాటుపడరని వాదించాడు. 1968లో గారెట్ హార్డిన్ అనే జీవశాస్త్రజ్ఞుడు ఉమ్మడి పచ్చిక బయలు ఎవరికివారు మేపుకొని పాడుచేస్తారని వ్రాశాడు. కర్నూలు గ్రామాలలో వేడ్ చూచినది వేరు. కొన్ని ఊళ్ళు తమంతట తామే ఒక పెద్దల సభ పెట్టుకొన్నవి, ఉమ్మడి నిధి కూడబెట్టుకొన్నవి, నీళ్ళు పంచే మనుషులను, చేను కావలివారిని జీతానికి పెట్టుకొన్నవి. పంట కోసిన చేల మోళ్ళను గొర్రెల మందలకు మేతకు అమ్మి నిధికి సొమ్ము తెచ్చుకొనేవారు. ఏ చట్టమూ వారిని అట్లా చేయమనలేదు.

అటువంటి ఊళ్ళు ఎక్కడ ఉన్నవి? ఎక్కువగా కాలువ చివరి భాగంలో, నీరు చాలని చోట, పశువులవలన పంటకు ముప్పు హెచ్చుగా ఉన్న చోట. కాలువ మొదట ఉండి నీరు పుష్కలంగా దొరికే ఊళ్ళకు అట్టి ఏర్పాటు అవసరం కాలేదు. అంటే ప్రధాన కారణం ప్రజల స్వభావంలో గాక, కాలువమీద ఊరు ఉన్న చోటులో ఉన్నది. తరువాత 1990లో ఎలినోర్ ఆస్ట్రం అనే అమెరికా పండితురాలు ప్రపంచమంతటి ఉమ్మడి వనరులను గూర్చి వ్రాసి, ఉమ్మడి ఆస్తి పాడుకాక తప్పదన్న మాటను ఖండించింది. 2009లో ఆమెకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆ చర్చలో తెలుగు రైతుల ఏర్పాటుకు కూడా స్థానం ఉన్నదని మన విద్యార్థులు తెలుసుకోదగినది.

ఈ గ్రంథానికీ ఒక పరిమితి ఉన్నది. ఆ పెద్దల సభలను నడిపినవారు భూమి గలవారు. భూమి గలవాని పంట కాపాడే ఏర్పాటును ఊరంతటి ఏర్పాటుగా చెప్పేటప్పుడు, భూమి లేనివానికి ఏమి ఒరిగినది అని కూడా అంతే గట్టిగా అడగవలె. లాభాన్ని లెక్కించినంత శ్రద్ధగా లాభం పంపకాన్ని లెక్కించకపోతే వివరణ సగమే అవుతుంది.

ఒకే కమిటీకి రెండు ముఖాలు

ఈ సగాన్ని నిజామాబాదు జిల్లాయే మనకు గుర్తుచేస్తుంది. ఈ జిల్లా గ్రామాలలో గ్రామాభివృద్ధి కమిటీలు అనేవి ఉన్నవి. ఇవి ఎన్నికైన పంచాయతీలు కావు; చట్టం ఇచ్చిన అధికారం వీటికి లేదు. వేలంపాటల ద్వారా, చందాల ద్వారా నిధి కూడబెట్టి, బడిగదులు, గుడులు, దారులు, మంచినీటి ఏర్పాట్లు చేసిన కమిటీలున్నవి. ప్రభుత్వం కోసం ఎదురుచూడక ఊరు తన పని తాను చేసుకోవడం మెచ్చదగినదే. వేడ్ కర్నూలులో చూచిన ఉమ్మడి నిధికి ఇది దగ్గరి పోలిక.

కాని ఇదే జిల్లాలో కమిటీ మాట వినలేదన్న నెపంతో కొన్ని కుటుంబాలను, ఒక్కొక్కప్పుడు ఒక కులాన్నంతటినీ సాంఘికంగా బహిష్కరించిన సంఘటనలు పత్రికలలో పలుమార్లు వచ్చినవి. కిరాణా దుకాణంలో ఉప్పు అమ్మరాదు, పొలం పనికి పిలువరాదు, మాట్లాడినవారికి జరిమానా అనే ఆంక్షలవి. దళితులు, చేతివృత్తులవారు ఇందులో ఎక్కువగా నలిగినారు. కలిసి పనిచేసే శక్తీ, కలిసి వెలివేసే శక్తీ ఒకే కమిటీ నుండి వచ్చినవి.

దీనిని పుట్టుక సిద్ధాంతం ఎట్లా వివరిస్తుంది? పల్లెవారు మంచివారు అంటే రెండవ ముఖం మిగిలిపోతుంది. మూర్ఖులు అంటే మొదటి ముఖం మిగిలిపోతుంది. సాంఘిక శాస్త్రం రెంటినీ ఒకే సూత్రంతో చూపగలదు. మాట తప్పినవానిని దండించే అధికారం లేనిదే ఉమ్మడి పని సాగదు. ఆ అధికారానికి పైన అడిగేవారు లేనప్పుడు అది బలహీనుని మీదికి మొగ్గుతుంది. కమిటీలో ఎవరు కూర్చుంటారు, లెక్కలు ఎవరు చూస్తారు, కమిటీ తీర్పుమీద ఎక్కడ మొరపెట్టుకోవచ్చు అనే మూడు ప్రశ్నలకు వచ్చే జవాబును బట్టి ఆ ఊరి ప్రవర్తన మారుతుంది. మనుషుల స్వభావం మారేదాకా వేచి ఉండనక్కరలేదు, నియమాలు మార్చవచ్చు.

ఉపాధ్యాయులకు ఒక గీటురాయి

ఇంతవరకు చూచిన దానినుండి ఒక గీటురాయి లభిస్తుంది. ఒక ప్రవర్తనకు ఎవరైనా కారణం చెప్పినప్పుడు, ఏ పరిస్థితిలో వీరే మరొక విధంగా ప్రవర్తిస్తారు అని ఎదురు ప్రశ్న వేయవలె. పుట్టుక, రక్తం, స్వభావం అన్నవారి వద్ద దీనికి జవాబు ఉండదు. ఎప్పటికీ ఇంతే అంటారు. నీరు, ధర, భూమి, దూరం, నియమం అన్నవారు జవాబు చెప్పగలరు. ఆ జవాబు తప్పైతే తప్పని ఋజువు చేయవచ్చు కూడా. ఋజువుకు నిలబడే మాట చెప్పడమే శాస్త్ర లక్షణం. సాంఘిక శాస్త్రాలు భౌతిక శాస్త్రాలంత ఖచ్చితంగా లెక్క తేల్చలేకపోవచ్చు. దూబే జాబితాలో ఒక అంశం తప్పిపోయినట్లు, వేడ్ లెక్కలో పంపకం వెనుకబడినట్లు, అవి పొరబడవచ్చు. ఐనా ఏ పొరపాటు ఎక్కడ ఉన్నదో చూపి సరిదిద్దగలగడం వాటికీ సామెతకూ ఉన్న తేడా.

ఉన్నత పాఠశాలలలో దీనిని ఒక అభ్యాసంగా చేయించవచ్చు. విద్యార్థులు తమ ఊరిలో కనిపించే ఒక ప్రవర్తనను ఎన్నుకోవలె. ఒక పంట విడిచి మరొకటి వేయడం కావచ్చు, బడి మానివేయడం కావచ్చు, గల్ఫు దేశాలకు పోవడం కావచ్చు. దానికి పెద్దలు చెప్పే కారణాలన్నీ వ్రాసుకోవలె. ఒక్కొక్క కారణం ఎదుట, ఏమి మారితే ఇది మారుతుంది అని వ్రాయవలె. ఏమి వ్రాయాలో తోచని కారణాలను కొట్టివేయవలె. మిగిలినవాటిని ఊరిలో నలుగురిని అడిగి పరీక్షించవలె. ఇందుకు పరికరాలు అక్కరలేదు. ఒక నోటుపుస్తకం, వినే ఓపిక చాలు.

ఇక వెనుక బెంచీమీది పిల్లవాని సంగతి. వానికి లెక్కలు రావు అన్నప్పుడు, వాని పుట్టుకను గూర్చి ఒక్క మాట అనకముందు, ఇంట దీపం ఉన్నదా, పొద్దున పొలానికి పోయి వస్తున్నాడా, చెరుకు నరికే ముఠాతో తల్లిదండ్రుల వెంట తిరిగి రెండు నెలలు బడి తప్పినాడా, మనం చెప్పే భాష వానికి అర్థమవుతున్నదా అని ఉపాధ్యాయుడు అడిగి చూడవలె. ఆ ప్రశ్నలలో ఒకదానికైనా జవాబు మన చేతిలో ఉండవచ్చు. ఆ సీమ రైతు ఎనభై ఏళ్ళలో చెరువు సాగు నుండి చెరుకుకూ, చెరుకు నుండి వరికీ మారగలిగినప్పుడు, పదమూడేళ్ళ పిల్లవాడు మారలేడని చెప్పడానికి మనకు ఏ శాస్త్రమూ ఆధారం ఇవ్వదు.